అంచు తెగిన నల్ల సిన్

వచ్చిందే గాని, వెళ్ళిపోవడానికి ఇంకా వీలుంది అనుకుంది ఖంఫా. అందుకే చెప్పుల్ని మెట్టు దగ్గర బయటి వైపుకి తిప్పి మరీ విడిచింది. లేచి, వాటిలో కాళ్ళు దూర్చి, ఎండలోకి నడిచిపోతే అయిపోతుంది. మగ్గం మీద నేత సగంలో ఉందంటే సరిపోతుంది, ఎవరూ తాళ్ళేసి కట్టరు. ఊరి ఆరోగ్య కేంద్రం వరండాలో పొడుగు బల్ల, బల్ల నిండా ఆడవాళ్ళు, ఒడుల్లో గుడ్డసంచులు. సంచుల్లో ఏముందో అందరికీ తెలుసు, తెలియనట్టు ఒకరి సంచి ఒకరు చూడకుండా కూర్చున్నారు. ఎవరి సిన్ వాళ్ళు తెచ్చుకోవాలి, లోపల అదొక్కటే చుట్టుకుని పడుకోవాలి, అని మైకులో చెప్పారు కదా. నడుముకి చుట్టుకునే ఆ గొట్టపు బట్ట లేకుండా ఈ ఊళ్ళో ఆడది పుట్టదు, చావదు, ఇప్పుడు పరీక్షకీ అదే కావాలన్నమాట. ఆ మైకు సంగతి తలుచుకుంటేనే నవ్వొస్తుంది. పొద్దున్నే ఊరిపెద్ద చదివాడు. ఎరువుల బస్తాలు దిగాయన్న కబురుకీ, ఎవరిదో గేదె తప్పిపోయిందన్న కబురుకీ మధ్యన ఇరికించి, ముప్పై దాటిన ఆడవాళ్ళందరూ గర్భసంచి ముఖద్వారం పరీక్షకి రావలెను అని, నోట్లో వేడి ముద్ద పెట్టుకున్నవాడిలా గబగబా మింగేసి, గేదె దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ గొంతు పెంచాడు. కొమ్ములు ఎటు తిరిగి ఉంటాయో, ఏ చెవికి కోత ఉందో అంతా విడమరిచి చెప్పాడు. గేదె గురించి చెప్పడానికి సిగ్గెందుకు.

పైన ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం ఇవ్వడం లేదు. వాన వచ్చేలా ఉంది. వరి నాట్లు వేసిన పొలాల మీంచి బురద వాసన వస్తోంది, ఆ వాసనకి ఎప్పుడూ ఆకలేస్తుంది గాని ఇవాళ వెయ్యలేదు. వాకిట్లో ఫయోం ఊదా రంగు వాలంటీరు చొక్కా వేసుకుని, కింద ప్యాంటు తొడుక్కుని, మంచినీళ్ళ పళ్ళెం పట్టుకుని ఇటూ అటూ తిరుగుతోంది. అందరికీ ధైర్యం చెబుతోంది. "చీమ కుట్టినంత కూడా ఉండదు వదినా, కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోతుంది." ఈ మాట ఊరంతా తిరిగి ఎన్నిసార్లు చెప్పిందో, ఇప్పుడు దాని నోట్లోంచి పాత పాటలా వస్తోంది. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి పట్టుపురుగులకి ఆకులు కోసినవాళ్ళే. అప్పుడూ ఇంతే ఫయోం, పాము కనబడితే "ఏం చెయ్యదే, పద పద" అని వెనకనించి తోసేది, తను మాత్రం ముందుకు వచ్చేది కాదు. ఇంటి కింద, స్తంభాల మధ్య నీడలో, మగ్గం దగ్గరికి అదే వచ్చింది మొన్న. వచ్చి పరీక్ష మాట ఎత్తలేదు, పడుగు దారాలు వేలితో మీటుతూ నిలబడింది.

"ఏమే ఖంఫా, తెల్లబట్టలు కుట్టించుకున్నావా? పున్నమి నించీ వర్షావాసం, మూడు నెలల వ్రతం. ఈ ఏడు నీకూ చాప వేసి ఉంచమని విహారంలో చెప్పేశాను."

"నేను రాను."

"ఏం?"

"ఆ వంటశాల ఆడంగులతో నాకు పడదు."

ఫయోం చెయ్యి దారాల మీద ఆగిపోయింది. తర్వాత, "మీ అమ్మా ఈ మాటే అంది," అంది.

అంతే అంది. అని, పరీక్ష ఏ పొద్దునో చెప్పి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. ఆ ఒక్క మాటకి వచ్చి కూర్చుంది ఇక్కడ ఖంఫా, ఊరిపెద్ద మైకుకి కాదు, గోడల మీద అంటించిన నవ్వుమొహాల బొమ్మలకీ కాదు. మీ అమ్మా ఈ మాటే అంది. అంది, నిజమే. అమ్మ ఓన్‌సీ అంటే విహారానికి ఒక స్తంభం లాంటి మనిషి. పున్నమికీ అష్టమికీ తెల్ల రవిక, తెల్ల సిన్, భుజం మీదుగా తెల్ల కండువా, చేతిలో జిగురన్నం బుట్ట, పొద్దు పొడవకముందే బయల్దేరేది, శీలాల వ్రతం పట్టి రాత్రికి అక్కడే చాప మీద పడుకుని మర్నాడు వచ్చేది, వచ్చినప్పుడు బట్టల్లో అగరు వాసన. వానాకాలం మూడు నెలలూ అయితే ఇంట్లో కన్నా అక్కడే ఎక్కువ. అలాంటిది ఒక ఏడు ఉన్నట్టుండి మానేసింది. తెల్లబట్టలు మడతపెట్టి పెట్టె అడుక్కి తోసేసి, అడవికాయల రసంలో ముంచి ముంచి నల్లగా అద్దిన సిన్ ఒకటి కట్టుకుని ఇంటి పట్టున ఉండిపోయింది. ఏమైందని అడిగితే, ఆ వంటశాల ఆడంగులతో నాకు పడదు అంది. ఊరికి అంతకన్నా ఏం కావాలి. చేపల పులుసులో ఉప్పు ఎక్కువైందని ఎవరో అన్నారట, కాదు, పెద్ద భిక్షువు ముందు కూర్చునే చోటు కోసమట, కాదు కాదు, ఎవరి తెల్ల కండువానో ఎవరో కప్పుకున్నారట. నోటికో కథ. అమ్మ ఏ కథనీ కాదనలేదు. వంటశాల ఆడవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు నేరం మోపుకున్నారు, నీ మాట వల్లే ఓన్‌సీ రావడం మానేసిందంటే నీ మాట వల్లే అని, వాళ్ళలో వాళ్ళకి మాటలు లేకుండా పోయాయి. పాపం చివరికి ఒకావిడ అరటిపళ్ళ గెల, పూలూ పట్టుకుని క్షమించమని వచ్చింది. ఏం చేసిందో తెలియకుండానే క్షమించమంది. అమ్మ ఆవిణ్ణి కూర్చోబెట్టి తమలపాకులు ఇచ్చి, "అదేం లేదే, నీ మీద నాకేం లేదు," అంటూ కళ్ళు తుడుచుకుంది. కోపం ఇంకా పోలేదనుకుని ఆవిడ ఏడుస్తూ వెళ్ళింది.

బల్ల కాస్త ముందుకి జరిగింది. ముందుకంటే, తలుపు దగ్గరి మనిషి లోపలికి వెళ్ళింది, తక్కినవాళ్ళు ఒక్కో పిర్ర జరిగారు. ఖంఫా కూడా జరిగింది, జరిగినందుకు తన మీద తనకే విసుగొచ్చింది. ఇందాక కదలకుండా ఉండి ఉంటే వెనకావిడ ముందుకు వెళ్ళేది. తెల్లబట్ట. తెల్లబట్ట మీద ఏదైనా కనబడుతుంది. కూర్చుని లేస్తే చాప మీద, చాప మీద కాకపోతే సిన్ వెనక. ఆ చలువరాతి నేల మీద, బుద్ధుడి ఎదుట, ఊరందరి ముందు. అమ్మ ఎవరితోనూ దెబ్బలాడలేదు. అమ్మకి రక్తం కనబడింది. అంతే. అంతే అనుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఆ నల్ల సిన్ అమ్మ ఎవర్నీ ఉతకనిచ్చేది కాదు. తెల్లవారకముందే బావి దగ్గర ఒక్కతే కూర్చుని ఉతుక్కునేది. ఒకరోజు ఖంఫా లేచి వెళ్ళేసరికి తొట్టిలో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏంటమ్మా అంటే, "లక్క రంగే. పచ్చి మీద కట్టాను, దిగుతోంది," అంది అమ్మ, తల ఎత్తకుండా. నేతగాళ్ళ ఇంటి పిల్లకి ఆ మాట చాలు. లక్క అలాగే దిగుతుంది, సరిగ్గా పట్టించకపోతే నీళ్ళు అదే ఎరుపు తిరుగుతాయి. ఆ సిన్ అంచు ఎర్రదే కూడాను. నమ్మింది. ఎందుకు నమ్మకూడదు, అమ్మ రంగుల గురించి అబద్ధం ఎందుకు చెబుతుంది.

మరి అదే అబద్ధం ఖంఫా ఎందుకు చెప్పింది. పుష్యరాగం రంగు నూలు మగ్గం మీద ఉన్నప్పుడు, ఆ వేడి నెలల్లో, నెలనెలా వచ్చేది ఎప్పుడో ఆగిపోయిందని హాయిగా ఉన్న రోజుల్లో, లేచి చూసుకుంటే మగ్గం పీట మీద గుండ్రంగా ఒక మరక. గింజంత. చూసి, ఉమ్మితో తుడుస్తూ ఉంటే వెనకనించి బున్‌థా, ఆ మొగుడు మహానుభావుడు, ఏంటది అన్నాడు. "లక్క. చిందింది," అంది ఖంఫా. అనేశాక, ఆ గొంతు తనది కాదని తెలిసింది. అచ్చంగా అమ్మ గొంతు, తల ఎత్తకుండా చెప్పిన ఆ తీరుతో సహా. ఆ క్షణంలో తొట్టి, ఎర్ర నీళ్ళు, తమలపాకులు, అరటిగెల, పెట్టె అడుగున తెల్లబట్టలు, అన్నీ ఒక్కసారి ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. బున్‌థా సరేనని వెళ్ళిపోయాడు. ఆ మనిషికి లక్కకీ నెత్తురుకీ తేడా తెలియాలంటే కంచంలో పెట్టి చూపించాలి. మైకులో పరీక్ష సంగతి విన్నప్పుడూ, "ఏమీ లేని చోట వెతికించుకోవడం దేనికి," అని అటు తిరిగి పడుకున్నాడు. ఇటు తిరిగి, "సాయంత్రానికి కూర చేసి వెళ్ళు," అన్నాడు. చేసి వచ్చింది.

ఒడిలో సంచి బరువుగా ఉంది. చెయ్యి లోపలికి పెట్టి తడిమింది. అమ్మ నల్ల సిన్. పాత నూలు, ఎన్ని ఉతుకులకి మెత్తబడిందో చెవి తమ్మెలా ఉంది. అంచు వెంట వేళ్ళు పోనిస్తే ఒకచోట అంచు ఉండదు, అరచేతి వెడల్పున కత్తిరింపు. తమ్ముడు ప్రసాన్ సిపాయిగా సరిహద్దుకి పోయేటప్పుడు అమ్మ తన చేత్తో కోసి ఇచ్చింది. కన్నతల్లి సిన్ ముక్క ఒంటి మీద ఉంటే గుండు తగలదంటారు, వాడు చిన్న వెండి గొట్టంలో చుట్టి పెట్టుకుని మెడలో వేసుకున్నాడు. తగల్లేదు కూడా. తిరిగొచ్చాడు, పెళ్ళాడాడు, లావెక్కాడు, ఇప్పటికీ ఆ గొట్టం మెళ్ళోనే ఉంటుంది. ఆ ప్రసానే, ఆ బున్‌థానే, పెరట్లో ఆడవాళ్ళ సిన్ ఆరేసిన తీగ ఉంటే దాని కిందనించి మాత్రం నడవరు. మెడలో రక్షరేకులు చెడతాయి, మగతనం పోతుంది. చుట్టు తిరిగి గోడవార నక్కి నక్కి పోతారు, దొంగకోళ్ళలాగ. మడిచి మెళ్ళో వేసుకుంటే దేవుడు, తీగ మీద ఆరేస్తే దరిద్రం. ఏ చోటు నించి భూమ్మీద పడ్డారో ఆ చోటు తాకిన గుడ్డ కాబట్టే కాస్తుందంటారు, ఆ చోటుకి నొప్పి వస్తే మాత్రం పేరెట్టి పిలవడానికి నోరు రాదు ఎవరికీ. ఆడవాళ్ళకీ రాదు. అమ్మకి రాలేదు. కొడుక్కి కాపలా కాసిన గుడ్డ, కట్టుకున్న మనిషి పోతుంటే కాయలేదు, ఊరికే దాచింది. నలుపు కదా. బాగా దాచింది.

తలుపు తెరుచుకుంది. వెదురు చిగుళ్ళు అమ్మే ఆవిడ బయటికి వచ్చింది, సిన్ ముడి సరిచేసుకుంటూ. బల్లంతా ఒక్కసారి ఆవిడ మొహంలోకి చూసింది. నర్సు లోపల వాడే పనిముట్టుని అందరూ బాతుముక్కు అంటారు, దాని రూపమే అంత. ఎవరో ఆగలేక అడిగేశారు.

"బాతు కరిచిందా అత్తా?"

"కరిచేంత మాంసం ఎక్కడుందే నా దగ్గర? మూతి పెట్టి చూసి, ముసల్దాన్నని వదిలేసింది."

బల్ల అదిరేలా నవ్వారు. ఖంఫా కూడా నవ్వింది, నవ్వి సంచి దగ్గరికి లాక్కుంది. వాళ్ళకేం, చూపించుకుని పోవడానికి వచ్చారు. తనకి చెప్పుకోవలసింది ఉంది. చూపించుకోవడం కళ్ళు మూసుకుంటే అయిపోతుంది, చెప్పుకోవడం నోరు తెరిస్తే గాని అవదు. చెప్పకుండా ఉంటే? బాతుముక్కుకి అన్నీ తెలుస్తాయా, చెప్పకపోయినా తెలుస్తుందా, తెలిసిపోతే బాగుండునా, తెలియకపోతేనా. పైగా లోపల ఉన్నది పరాయి మనిషి కాదు. తుక్తా. రెండిళ్ళ అవతలి పిల్ల. దాని అమ్మ బ్యాంకాక్‌లో కుట్టుపనికి పోయినప్పుడు ఖంఫాయే నీళ్ళు పోసేది, ముక్కు చీదేది, తలలో పేలు చూసేది. పట్నం నించి ఎవరో ముక్కూమొహం తెలియని డాక్టరమ్మ వచ్చి చూసి పోతే వేరు. ఈ పిల్ల రేపు సంతలో ఎదురుపడి నవ్వుతుంది, ఎల్లుండి పెళ్ళిలో పక్కన కూర్చుని అన్నం తింటుంది. దానికి తెలిసి ఉంటుంది. ఆ కళ్ళలోకి ఎలా చూడటం.

"ఖంఫా పెద్దమ్మా! రా."

ఇదుగో ఇప్పుడే లేచి అటు వెళ్ళిపోవచ్చు. చెప్పులు అటే ఉన్నాయి. లేచింది. కాళ్ళు ఎటు పోతాయో చూద్దామన్నట్టు ఒక అడుగు వేసింది. ఫయోం పక్కనించి మెల్లగా, "పద పద, ఏం చెయ్యదే," అని వీపు మీద చెయ్యి వేసి తోసింది, పాము కనబడ్డప్పటి లాగానే. ఖంఫా లోపల ఉంది.

గది చల్లగా, డెట్టాలు వాసనగా ఉంది. తెర చాటున తన సిన్ విప్పి అమ్మ సిన్ చుట్టుకుంది. ఎప్పుడూ కట్టలేదు దాన్ని, కట్టుకుంటే సరిగ్గా సరిపోయింది. ఇంత సరిపోతుందనుకోలేదు. పొడుగు మంచం ముందు నిలబడి, తల ఎటు, కాళ్ళు ఎటు అని చూసుకుంది. విహారం తూర్పున ఉంది. తుక్తా మూతికి కట్టిన గుడ్డ వెనక నవ్వింది.

"కాళ్ళు రోడ్డు వైపే పెద్దమ్మా. మొదటి ఏడు మంచం ఇటు వేశారు, కాళ్ళు విహారం వైపు వస్తున్నాయని సగం మంది పెద్దమ్మలు లేచి ఇళ్ళకి పోయారు. నేనే తిప్పించాను."

పడుకుంది. కాళ్ళు రెండు పక్కలా ఎత్తి పెట్టింది. ఇలా పడుకోవడం పిల్లల్ని కన్నప్పుడే, అప్పుడు సిగ్గుపడటానికి తీరిక లేదు. ఇప్పుడు ఉంది. పైకప్పు మీద బల్లి ఒకటి, అదీ అటు తిరిగి ఉంది, మర్యాద తెలిసిన బల్లి. సిన్ చెరగు రెండు చేతుల్తో కిందకి పట్టుకుని ఉంటే తుక్తా ఒక్కో వేలూ విడదీసింది, బలవంతంగా కాదు, ముడిపడిన నూలు విప్పినట్టు.

"నన్ను ఒంటి మీద నూలుపోగు లేకుండా ఊరంతా తిప్పావట చిన్నప్పుడు. నేనేమన్నా సిగ్గుపడ్డానా?"

"నువ్వు పడలేదు. ఊరు పడింది," అంది ఖంఫా. ఆ మాట ఎలా వచ్చిందో తెలీదు.

"బాతుని గోరువెచ్చటి నీళ్ళలో ఉంచాను. ఊపిరి పీల్చి నెమ్మదిగా వదులు. నొప్పెడితే ఆపమను, ఆపేస్తాను. నిజంగా ఆపేస్తాను."

ఊపిరి అంటే విహారంలో నేర్పిందొక్కటే తెలుసు, పీలిస్తే బుద్, వదిలితే ధో. బుద్ అనబోయి ఆగిపోయింది. ఈ భంగిమలో, కాళ్ళు ఇలా పెట్టుకుని ఆయన పేరు తలవడమా. ఏ పాపం చుట్టుకుంటుందో. మరేం తలవను, ఏదో ఒకటి తలవాలి, చల్లగా ఏదో తాకింది, అంత చల్లగా కాదు, వెచ్చటిదే, తనదే వణుకు. కాళ్ళు. కాళ్ళు ఇలా ఎడంగా ఉండేది ఇంకెక్కడ, మగ్గం దగ్గరేగా. కుడికాలు తొక్కితే పడుగు విడుతుంది, పేక నాడె ఇటునించి అటు జారుతుంది, దువ్వెన లాంటి పన్నె లాగి ఒక దెబ్బ. ఎడమకాలు తొక్కు, అటునించి ఇటు, ఒక దెబ్బ. పీల్చు, నాడె అటు. వదులు, పన్నె దెబ్బ. లోపల ఏదో తెరుచుకుంటున్న ఒత్తిడి, పిండుతున్నట్టు, నొప్పి అనలేం, బాగుందనీ అనలేం, ఎవరో మన ఇంట్లో మనం లేనప్పుడు పెట్టెలు జరుపుతున్నట్టు. కుడికాలు. అమ్మ పక్కన కూర్చుని నేర్పేది, దారం తెగితే కంగారుపడకు, ఆగు, వెతుకు, ముడెయ్యి, మళ్ళీ తొక్కు అనేది. ఆగు, వెతుకు, ముడెయ్యి. తెగిన చోట వెతక్కుండా నేసుకుంటూ పోతే బట్ట పొడుగునా కాలువలా కనబడుతుంది అనేది. ఎంత చక్కగా చెప్పేదో. మరి నీ సంగతి ఏం చేశావే అమ్మా. నేసుకుంటూ పోయావు.

"కుంచె లాంటిది తిప్పుతున్నా. ఒక్క క్షణం." ఒక్క క్షణం గీరినట్టయింది. అయిపోయింది. బాతు మూతి ముడుచుకుని వెనక్కి వెళ్ళిపోయింది. ఇంతేనా అనిపించింది, ఈ మాత్రానికా ఆ చెప్పులు అటు తిప్పడం.

తుక్తా కుంచె సీసాలో పెట్టి, మూత బిగించి, చేతి తొడుగులు విప్పి, సిన్ చెరగు తనే కిందకి లాగి కప్పి, మంచం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. కూర్చుందంటే ఏదో అడుగుతుంది.

"పెద్దమ్మా. నెల ఆగిపోయాక మళ్ళీ ఎప్పుడన్నా ఎర్రగా కనిపించిందా?"

నోటి చివర ఉంది ఆ మాట. లక్క. ఎంత నున్నగా ఉంటుంది ఆ మాట, నాలుక మీంచి దానంతటది జారుతుంది, తరాలుగా అరిగిన మెట్టులాగ. కనబడలేదమ్మా అంటే తుక్తా రాసుకుంటుంది, బయట వాన పడుతుంది, ఇంటికెళ్ళి నాడె తీస్తుంది, సాయంత్రం కూర ఉండనే ఉంది. పైన బల్లి కదల్లేదు. ఒంటి మీద అమ్మ బట్ట నల్లగా, మెత్తగా, ఏమీ తెలియనట్టు ఉంది. దాని మీద చెయ్యి వేసింది ఖంఫా. అంచు లేని చోట వేలు ఆగింది.

"కనిపించింది," అంది. "వేసవిలో ఒకసారి. మొన్న రెండోసారి. మగ్గం పీట మీద. మా ఆయనతో లక్క అని చెప్పాను." ఊపిరి పీల్చింది. "మా అమ్మా లక్క అనే చెప్పింది."

తుక్తా కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. ఆ కళ్ళని చూడలేననుకుంది గాని చూస్తూనే ఉంది. పేలు చూసేటప్పుడు ఒళ్ళో తల పెట్టుకుని పైకి చూసిన కళ్ళే, పెద్దవయ్యాయి అంతే.

"చెప్పావు, మంచి పని చేశావు. చిన్న పుండు లాంటిది ఉంది, నాకు కనబడింది. అదేంటో చూసి చెప్పేంత చదువు నాకు లేదు, ఉందని అబద్ధం ఆడను. మామూలు పుండే అవ్వచ్చు. కాకపోయినా, ఇంత చిన్నగా ఉన్నప్పుడు చూపించుకుంటే చెయ్యడానికి చాలా ఉంటుంది. సోమవారం పెద్దాసుపత్రికి వెళ్దాం."

"వెళ్దామా?"

"నేనూ వస్తాగా."

భయం పోతుందనుకుంది చెప్పేస్తే. పోలేదు. కాకపోతే ఇన్నాళ్ళూ ఇల్లంతా తిరిగేది, ఇప్పుడొక చోట కూర్చుంది. ఎక్కడుందో తెలిసిన భయంతో ఎలాగో కాపురం చెయ్యచ్చు, బున్‌థాతో చెయ్యడం లేదూ. లేచి కూర్చుంది. అడగబోయి సిగ్గుపడి, మళ్ళీ అడిగింది.

"పున్నమికి తెల్లబట్ట కట్టుకోవచ్చా?"

తుక్తాకి అర్థమైనట్టే ఉంది, కానట్టూ ఉంది. బీరువాలోంచి దూది పట్టీల పొట్లం తీసి చేతిలో పెట్టింది. "ఇది పెట్టుకుని కట్టుకో. ఇవాళా రేపూ కాస్త మరక కనబడితే కంగారుపడకు. ఎవరన్నా ఏమన్నా అంటే నా పేరు చెప్పు. పెద్ద భిక్షువుతోనైనా సరే."

తెర చాటున తన సిన్ కట్టుకుని, అమ్మ సిన్‌ని వెలుతురుకి ఎత్తి తిప్పి తిప్పి చూసింది. ఏమీ అంటలేదు. మడతపెట్టి సంచిలో పెట్టుకుని బయటికి వచ్చేసరికి బల్లంతా మొహంలోకి చూసింది. బాతు కరిచిందా అని ఎవరూ అడగలేదు, మొహంలో ఏదో చూసినట్టున్నారు. వాన మొదలైంది. రేకుల మీద చప్పుడు. ఆ చప్పుడులోనే లోపల్నించి తుక్తా కేక వేసింది.

"ఫయోం పిన్నీ! తర్వాత నువ్వే!"

ఫయోం నీళ్ళ పళ్ళెం పట్టుకుని వెనక్కి జరిగింది. "నేనా? నేను వాలంటీర్నమ్మా!"

"వాలంటీర్లకి ఉండదా పిన్నీ అది?"

బల్ల విరగబడి నవ్వింది. వెదురు చిగుళ్ళావిడ వానకి ఆగిపోయి ఇంకా అక్కడే ఉంది. "చీమ కుట్టినంత కూడా ఉండదు ఫయోం, కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోతుంది!" అంది, ఫయోం గొంతుతోనే. ఫయోం మొహం నల్లబడింది. నవ్వుతూనే ఉంది గాని పళ్ళెం మీద గ్లాసులు ఒకదానికొకటి తగిలి గణగణమంటున్నాయి. ఖంఫా ఆ చప్పుడు వింది. పక్కకి తీసుకెళ్ళింది.

"ఒక్కసారి కూడా చేయించుకోలేదుటే?"

"ఎలా చేయించుకుంటానే? సిన్ తేలేదుగా," అంది ఫయోం గుసగుసగా. "ప్యాంటు వేసుకొచ్చాను చూడు."

"పోయినేడు?"

"పోయినేడూ ప్యాంటే."

ఖంఫా ఆ ప్యాంటు వైపు చూసింది. పండగకైనా చావుకైనా సిన్ తప్ప కట్టని మనిషి, ఏడాదికి ఈ ఒక్క పొద్దున మాత్రం ప్యాంటు తొడుక్కొస్తోందని ఎవరూ గమనించలేదు. అమ్మ మాట పట్టుకుని మగ్గం దగ్గరికి వచ్చింది ఫయోమే. అమ్మకి ఏమైందో దానికి తెలుసు. ఊళ్ళో అందరికన్నా దానికే ఎక్కువ తెలుసు, అందుకే ఎక్కువ భయం. వెనకనించి తొయ్యడం తప్ప ముందు నడవడం చిన్నప్పట్నించీ రాదు దానికి. ఖంఫా సంచిలోంచి నల్ల సిన్ తీసి చేతిలో పెట్టింది.

ఫయోం చెయ్యి వెనక్కి లాక్కుంది. "మీ అమ్మదే అది. కడుపున పుట్టినవాళ్ళకే గాని పైవాళ్ళకి ఇవ్వకూడదు. బలం పోతుంది."

"బలం మా తమ్ముడు కోసుకుపోయాడు, అంచు చూడు. మిగిలింది గుడ్డ. కట్టుకో." ఆగి, అంది. "నాకు కనబడింది ఫయోం. చెప్పేశాను తుక్తాతో. సోమవారం పెద్దాసుపత్రికి."

ఫయోం చాలాసేపు మొహంలోకి చూసింది. తర్వాత నీళ్ళ పళ్ళెం ఖంఫా చేతికిచ్చి, సిన్ అందుకుని, రెండు చేతుల్తో నుదుటికి ఆనించుకుంది. "మరకేమన్నా అయితే?" అంది.

"నలుపులో కనబడదు. కనబడకపోవడమే దాంతో వచ్చిన తంటా. ఉతికేటప్పుడు నన్ను పిలు, ఇద్దరం చూద్దాం." వీపు మీద చెయ్యి వేసింది. ఈసారి తొయ్యలేదు, తలుపు దాకా పక్కనే నడిచింది.

తలుపు మూసుకుంది. పళ్ళెం కింద పెట్టి, జల్లు పడుతోందని మెట్టు దగ్గర చెప్పులు లోపలికి జరుపుదామని వెళ్ళింది ఖంఫా. తన చెప్పులు బయటికి తిరిగి ఉన్నాయి, విడిచినట్టే. వాటి పక్కన ఫయోం చెప్పులు. అవీ బయటికే తిరిగి ఉన్నాయి. ఒక్క దూకులో కాళ్ళు దూర్చి పరిగెత్తడానికి వీలుగా, తీర్చిదిద్దినట్టు. ఖంఫా వంగి, రెండు జతలూ చేత్తో పట్టుకుని లోపలి వైపుకి తిప్పి, తడవకుండా గోడవార పెట్టింది. వచ్చి బల్ల మీద, తలుపుకి దగ్గరగా కూర్చుంది. లోపల్నించి తుక్తా గొంతు, ఏదో చెప్పి నవ్విస్తోంది. ఫయోం ఇంకా నవ్వలేదు. వాన చప్పుడులో మగ్గం చప్పుడు కూడా ఉంది, వింటే వినబడుతుంది. కుడికాలు, నాడె అటు, ఒక దెబ్బ. ఎడమకాలు, నాడె ఇటు. ఫయోం కోసం నేస్తూ కూర్చుంది.